గ్రూపులో మనవాళ్లే

నాగక్క ముందు పెట్టిన గ్లాసులో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మొగుడు కనబడక రెండు రోజులైంది. వెతికిపెట్టాల్సిన పోలీసులే పొద్దున్నే జీపెక్కించి తెచ్చి, "నీ మొగుణ్ణి యాడ దాచిపెట్టినావు?" అని అడుగుతుంటే, ఆ నీళ్లు గొంతులోకి ఎట్లా దిగుతాయి?

డిటెక్టివ్ జ్ఞానమణి కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది. ఒకప్పుడు ఇదే కర్నూలు జిల్లాలో ఎస్సైగా చేసి, ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు కడపలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుకుంటున్న మనిషి. ఈ కేసుకు వ్యవసాయ శాఖవాళ్లు పిలిపిస్తే పొద్దున్నే వచ్చింది. ఎదురుగా కూర్చుంటే జనం జవాబు చెబుతారు, పక్కన కూర్చుంటే కష్టం చెప్పుకుంటారు. ఆ కిటుకు ఆమెకు నేర్పినాయన వేరే ఉన్నారు. ఆయన సంగతి కాసేపట్లో వస్తుంది.

బల్లకు అవతల ఇన్‌స్పెక్టర్ అవినాష్ వెనక్కి వాలి కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరినవాళ్లు. ఆమె ఉద్యోగం వదిలేసింది, అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. అప్పటినుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"అడుగు, ఎంతసేపైనా అడుగు. కడప నుంచి పడుతూ లేస్తూ వచ్చినావు గదా. నాకైతే కేసు అయిపోయింది" అన్నాడు.

అతని లెక్కలో అయిపోయిన కేసు ఇది. నాగక్క మొగుడు మారెన్న ఉప్పరదొడ్డి రైతు. వరసగా రెండేళ్లు నకిలీ పత్తి విత్తనాలు వేశాడు. చెట్టు మనిషెత్తు పెరిగింది, కాయ మాత్రం ఒక్కటీ కాయలేదు. ఇలాంటివాళ్ల నోట్లో మట్టి కొడుతున్న ముఠాను పట్టడానికి శాఖవాళ్లు విత్తన నిఘా బృందమని ఒకటి పెట్టారు. అందులో ఎప్పుడూ లేనిది, ఆఫీసర్లతో పాటు రైతులను కూడా సభ్యులుగా చేర్చుకున్నారు. దీనికోసమే ఫోన్లలో ఒక యాప్ పెట్టించారు. దాంట్లో గ్రూపులు రెండు. ఒకటి రైతులది, తాము చూసిందీ విన్నదీ అందులో పంపుతారు. రెండోది ఆఫీసర్లది, ఏ కబురు ఏ రైతు పంపాడు, దాడి ఎప్పుడు, ఏ దారిన అన్నవి అక్కడే రాసుకుంటారు. ఆ రెండో గ్రూపు రైతుల కంటికి కనబడదు.

మొన్న సాయంత్రం మారెన్న ఒక ఫొటో పంపాడు. ఎమ్మిగనూరు రోడ్డులో మూతపడిన పత్తి జిన్నింగ్ మిల్లు లోపల, నకిలీ గింజలకు రంగు పూసి ప్యాకెట్లలో నింపుతున్న ఫొటో. నిన్న తెల్లవారుజామున అవినాష్ మనుషులతో పోయి చూస్తే మిల్లు ఖాళీ. నేల ఇంకా తడిగా ఉంది. మారెన్న ఆ ముందు రోజు సాయంత్రం నుంచే లేడు.

"బయటోళ్లను లోపలికి రానిస్తే ఇంతేనని మొదటి మీటింగులోనే చెప్పినా, ఎవరూ వినలేదు. ఫొటో మనకు పంపినాడు, జాగ్రత్తప్పా అని వాళ్లకూ చెప్పినాడు, రెండు దిక్కులా దుడ్లు తీసుకొని బెంగళూరు బస్సెక్కినాడు" అన్నాడు అవినాష్.

నాగక్క తల ఎత్తలేదు. ఊళ్లోనూ ఇదే మాట అంటున్నారని, నిన్న పొద్దున బోరింగు దగ్గర ఎవరూ తనకు బిందె పెట్టుకునే చోటు ఇవ్వలేదని మెల్లగా చెప్పింది. మొగుడు పోయాడన్న భయం ఒక పక్క, ఊరినే అమ్ముకున్నాడన్న నింద ఇంకో పక్క. రెండోదే ఆమెను ఎక్కువ కాలుస్తోంది.

ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పమని జ్ఞానమణి అడిగింది. పొద్దు వాలుతుండగా ఫోన్ వచ్చిందట. ఆఫీసు నుంచి పిలుస్తున్నారు, మిల్లు దారి చూపించి వస్తానని చెప్పి బయలుదేరాడట. పేరు చెప్పలేదట. ఆఫీసు నుంచి ఎవరూ ఫోన్ చేయలేదని, వచ్చింది కొత్త నంబరని, ఇప్పుడది పనిచేయడం లేదని అవినాష్ మధ్యలో అందుకున్నాడు.

"నంబరు సంగతి వదిలెయ్. ఆయన ఎట్లా మాట్లాడినాడు, నాగక్కా? గట్టిగానా, మెల్లగానా?"

"సంగటి తింటా ఉండె మేడం. ఫోను ఎత్తినోడు ఎత్తినట్టే లేచి నిలబడె. ఎంగిలి చెయ్యి ఎనకకు పెట్టుకొని, సరే సరే అంటా మాట్లాడె."

అవినాష్ నవ్వాడు. "రైతు గదా, ఎవరికైనా లేస్తాడు."

"నువ్వు మా ఇంటికొచ్చినపుడు లెయ్యలేదు గద సార్" అంది నాగక్క.

జ్ఞానమణికి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. తినే మనిషి ఎంగిలి చేత్తో లేచి నిలబడ్డాడంటే పిలిచినవాడు వట్టి ఆఫీసరు కాదు, మారెన్న మనసులో పెద్దపీట ఉన్నవాడు. ఆమె నాగక్కను తన పూచీ మీద విడిపించుకుని బయటికి నడిచింది. మిల్లు చూడటానికి పోతున్నానంటే అవినాష్ కూడా బయలుదేరాడు. ఆమెను ఒంటరిగా వదిలితే తనకు దొరకనిది ఆమెకు దొరుకుతుందేమోనని అతని బాధ.

కారెక్కబోతుండగా ఫోన్ మోగింది. నరసన్న సార్. కిటుకు నేర్పినాయన ఉన్నారన్నానే, ఆయనే. శాఖలో నిఘా విభాగానికి పెద్దగా చేసి రెండేళ్ల కింద రిటైరయ్యారు. కొత్త ఎస్సైగా జ్ఞానమణిని ఆయన దగ్గర పనికి వేసినప్పుడు నకిలీ గింజను పంటికింద కొరికి గుర్తుపట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పారు. పైవాళ్లతో పడక ఆమె రాజీనామా చేసిన రోజు బంధువులంతా తిడుతుంటే, ఆయనొక్కరే ఇంటికొచ్చి, "మంచి పని చేసినావు" అన్నారు. కడపలో ఆమె ఆఫీసు తెరిచినప్పుడు కొబ్బరికాయ కొట్టింది ఆయనే. తండ్రి లేని ఆమెకు ఆయన మాట తండ్రి మాటే.

"ఏమ్మా మణీ, తిన్నావా?" అన్నారు.

తినలేదని చెబితే కోప్పడ్డారు. మధ్యాహ్నం కర్నూల్లో కొత్త రైతు సభ్యులను చేర్చుకునే సభ ఉందని, తననే ముఖ్య అతిథిగా పిలిచారని, అక్కడ కలుద్దామని అన్నారు. తప్పంతా రైతుల మీదికే తోస్తున్నారని జ్ఞానమణి చెప్పుకుంది. ఆయన నిట్టూర్చారు. "మారెన్న ఆశపోతు కాదమ్మా. కానీ కరువు మనిషి చేత ఏమన్నా చేయిస్తాది. చూసుకో, నీకు తెలీందేముంది" అని పెట్టేశారు.

మిల్లుకు రెండు గేట్లున్నాయి. ముందుది తారురోడ్డు మీదికి, వెనకది జొన్నచేల మధ్య బండిదారిలోకి. లోపల సిమెంటు నేలను కడిగిపారేశారు గాని నెర్రెల్లో గులాబీ రంగు అట్లాగే ఉంది. విత్తనాలకు పూసే మందు రంగు అది. జ్ఞానమణి మురికికాలవలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి, రంగు గీకి కొరికింది. నూనెమిల్లుకు పోవాల్సిన గింజ, నాటితే మొలుస్తుంది, కాయదు. మారెన్న పంపిన కబురు అక్షరాలా నిజం.

"అబద్ధమని నేనెప్పుడన్నా? అమ్ముకున్నాడంటాండా" అన్నాడు అవినాష్.

ఆమె వెనక గేటు దగ్గరికి పోయింది. గేటుకు ఆనించి నాపరాళ్లు నింపిన ట్రాక్టర్ ట్రాలీ ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. టైర్లన్నిటికీ గాలి తీసేశారు. పదిమంది తోసినా కదలదు. అవినాష్ దాన్ని నిన్ననే చూశాడట, పాత సామానేమో అనుకున్నాడట. ట్రాలీ కింద గడ్డి ఇంకా పచ్చగా ఉంది.

రోడ్డుకు అవతల, రెండు గేట్లూ కనబడే మూలన జొన్నరొట్టెలు కాల్చి అమ్మే హులిగెమ్మను అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ బండి మొన్న పొద్దుగూకేటప్పటికి అక్కడ లేదట. నిన్న తెల్లవారకముందే లేచి పొయ్యి ముట్టించి, పెనం వేడెక్కాక, ట్రాక్టరొకటి దాన్ని ఈడ్చుకొచ్చి పెట్టి పోయిందట.

"గాలి తీస్తాంటే బుస్సుమని సద్దొచ్చె. పామనుకొని రొట్టె ఇడిచిపెట్టి లేస్తి. మల్ల లారీ ఒకటి ఈ ముందు గేటు కాడినుంచి పాయె. దాని ఎనకమ్మటే మీ జీపులొచ్చె" అంది. మాడిన రొట్టెకు డబ్బులెవరిస్తారన్నట్టు అవినాష్ వైపు చూసింది కూడా.

జ్ఞానమణి మిల్లు గోడకు ఆనుకుని నిలబడింది. "అవినాష్, దాడి ఎట్లా చేయాలని ఆఫీసర్ల గ్రూపులో రాసుకున్నారు?"

"వెనక గేటు నుంచి. మొన్న సాయంత్రమే రాసినాం."

"మరి మీరు ముందు గేటు నుంచి ఎందుకు పోయినారు?"

ఆ రాత్రి అన్నం తింటుంటే తనకెందుకో అనుమానం వచ్చిందని, గ్రూపులోని ఆఫీసర్లందరినీ ఒకేసారి ఫోన్లోకి తీసుకుని, ముందు గేటు నుంచే పోదాం, గంట ముందే పోదాం అని చెప్పానని అవినాష్ అన్నాడు. ఈ మార్పు గ్రూపులో రాయొద్దని కూడా గట్టిగా చెప్పాడట. చెబుతూ చెబుతూ కొంచెం ఛాతీ విరుచుకున్నాడు. ఆ అనుమానమే లేకపోతే లారీ తోక కూడా చూసేవాళ్లం కాదన్నాడు.

"మంచి పని చేసినావు" అంది ఆమె. అవినాష్ వెటకారమేమోనని చూశాడు, కాదు. "నీ ఫోన్ విన్నవాడు ఎవడైనా దొంగకు ముందు గేటనే చెబుతాడు. వీళ్లు తెల్లవారుజామున వెనక గేటు మూసినారు. నువ్వు ప్లాను మార్చిన సంగతి వీళ్లకు తెలీదు. అంటే కబురు మోసినవాడు గ్రూపు చదివినాడు, నీ ఫోన్లో లేడు."

మారెన్నకు ఆ గ్రూపే కనబడదు. కనబడని ప్లాను మారెన్న ఎట్లా అమ్ముకుంటాడు? పొద్దున్నుంచి తాను మంచినీళ్లు ముట్టని ఆడమనిషిని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలన్నీ అవినాష్ మొహంలో వరసగా కనబడ్డాయి. అయినా ఓడిపోయానని ఒప్పుకోవడం అతనికి చేతగాదు.

"కానీ గ్రూపులో ఉన్నోళ్లంతా ఫోన్లో ఉండారు. నేనే ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి పలకరించినా. నీ లెక్క ప్రకారం ఆ మనిషే లేడు" అన్నాడు.

ఉన్నాడు. ఎవరో శివకుమారికి తెలియాలి. గ్రూపును నడిపేది ఆమే.

కర్నూల్లో రైతు శిక్షణ కేంద్రం హాలు నిండిపోయి ఉంది. కొత్తగా చేరబోయే రైతులు ఇస్త్రీ చొక్కాలతో వరసగా కూర్చున్నారు. నాగక్కను చివరి వరసలో కూర్చోబెట్టి జ్ఞానమణి పక్కగదిలోకి పోయింది. అక్కడ వ్యవసాయాధికారి శివకుమారి శాలువాలు మడతలు పెడుతూ గులాబీలు సర్దుతోంది. రైతులను ఎంత జాగ్రత్తగా చేర్చుకుంటున్నదీ ఆమె అడక్కుండానే చెప్పుకొచ్చింది. ఆధార్ చూస్తారట. ఊళ్లో ఇద్దరిని విడివిడిగా విచారిస్తారట. ఎవరి ఫోనైనా పోయిందంటే ఆ గంటలోనే ఆ పేరు తీసేస్తారట.

"ఆఫీసర్లను ఎట్లా చూస్తారు?"

"వాళ్లనేముంది మేడం చూసేది? మనవాళ్లే గదా" అంది శివకుమారి.

జ్ఞానమణి నేరుగా అడిగింది. ఆఫీసర్ల గ్రూపులో ఉండి, ఆ రాత్రి అవినాష్ ఫోన్లో లేనివాళ్లెవరు? ఎవరూ లేరని, అందరం ఉన్నామని శివకుమారి టక్కున చెప్పింది. చెప్పి ఇంకో గులాబీ అందుకోబోయి ఆగిపోయింది.

"సార్ ఒక్కరే లేరు మేడం. సార్ ఎందుకుంటారు, రిటైరైనారు గదా."

"ఏ సార్?"

"మన సార్. నరసన్న సార్."

జ్ఞానమణికి వెంటనే కోపమొచ్చింది, శివకుమారి మీద. ఏదో తప్పు మాట విన్నట్టు మళ్లీ చెప్పమంది. శివకుమారి మళ్లీ చెప్పింది. ఆఫీసర్ల గ్రూపు ఆయన ఉన్నప్పటిదే. రైతులను చేర్చుకునేటప్పుడు ఆ పాత గ్రూపునే కొత్త యాప్‌లోకి తెచ్చుకున్నారు. ఆయన పేరూ అందులోనే వచ్చింది.

"రిటైరైన మనిషి పేరు ఎందుకు తీయలేదు?"

"తీసేస్తే ఆయన ఫోనుకు మెసేజ్ పోతాది మేడం, మిమ్మల్ని గ్రూపు నుంచి తొలగించారు అని. ఆ మాట సార్ చదువుకుంటే ఎట్లుంటాది? మాకందరికీ పని నేర్పిన మనిషి. రెండు మూడు సార్లు తీద్దామనుకున్నా, చెయ్యి రాలేదు." ఆమె శాలువాలు పక్కకు తోసింది. "మేము రాసేవన్నీ చదివేవారు మేడం. తప్పుంటే ఫోన్ చేసి చెప్పేవారు. రిటైరైనా మమ్మల్ని వదల్లేదని ఎంత సంతోషపడేవాళ్లమో. రైతులు చేరము పొమ్మంటే ఊరూరికి తిరిగి చేర్పించింది కూడా ఆయనే. మారెన్న ఇంట్లో చాప మీద కూర్చొని ఒప్పించినారు."

సంగటి తింటూ మారెన్న లేచి నిలబడింది ఎవరికో జ్ఞానమణికి ఇక వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా మనసు ఊరుకోదు కదా. ఆయన ఫోన్ ఇంట్లో ఇంకెవరైనా చూస్తున్నారేమో అనుకుంది. ఎవరైనా ఆయన పేరు వాడుకున్నారేమో అనుకుంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు వాటిని కాసేపు పట్టుకుని, చివరికి ఇంకో ప్రశ్న అడిగింది. అడక్కపోయినా బాగుండేది.

"ఈ కేసుకు నన్ను పిలిపించమని చెప్పింది నిజంగా సారేనా?"

"సారే మేడం. మణిని మించిన మనిషి లేదు, ఆ అమ్మాయినే పిలవండి అన్నారు."

పొద్దున కడప నుంచి వస్తూ దారి పొడుగునా ఆమె మురిసిపోయింది ఈ సంగతికే. ఇంతమంది పోలీసులుండగా సార్ తనను తలచుకున్నారని. ఇప్పుడు అర్థమైంది. సార్ తనను తెలివి మీద నమ్మకంతో పిలిపించలేదు. ఎంత తవ్వినా ఆయన వైపు మాత్రం తవ్వదన్న నమ్మకంతో పిలిపించాడు. కన్నతండ్రి చనిపోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు ఆమెకు.

అవినాష్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. దెప్పుతాడనుకుంది. అతను లోపలికొచ్చి మెల్లగా తలుపు మూశాడు. "తప్పు కూడా కావచ్చు. ఆయన్ను నేనూ ఎరుగుదును" అన్నాడు.

"తప్పయితే నేనే అందరికన్నా ముందు సంతోషపడతా. తేల్చుకుందాం."

ఆమె శివకుమారి పక్కన కూర్చుని ఆఫీసర్ల గ్రూపులో పెట్టాల్సిన మాటలు చెప్పింది. మారెన్న మిల్లులో ఒక వీడియో కూడా తీశాడు, దాన్ని ఇంకో రైతుకు పంపి దాచమన్నాడు, ఆ రైతు ఎవరో మారెన్నకు తప్ప తెలియదు. ఇంతే. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. కానీ మారెన్న ముఠా చేతిలో ఉంటే, ఆ రైతు పేరు చెప్పేదాకా అతన్ని ప్రాణాలతో ఉంచాల్సిందే. కబురు మోసేవాడు అడగడానికి ఫోన్ చేయాల్సిందే. ఆ ఫోన్ ఎక్కడికి పోతుందో పట్టే పని అవినాష్‌ది. అతను మారు మాట్లాడకుండా తన మనుషులకు చెప్పి, హాలు బయట మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఇద్దరూ ఒక పని కలిసి చేయడం ఎస్సైలుగా చేరాక అదే మొదటిసారి.

సభ మొదలైంది. నరసన్న సార్ వేదిక మధ్యలో తెల్లచొక్కాతో కూర్చున్నారు. హాల్లోకి రాగానే జ్ఞానమణిని చూసి, అన్నం తిన్నావా అన్నట్టు చేత్తో సైగ చేశారు. ఆమె తల ఊపింది. ఒక్కో రైతు పైకి వస్తున్నాడు, ఆయన శాలువా కప్పి, భుజం తట్టి, చెవిలో ఏదో మంచిమాట చెప్పి పంపుతున్నారు. కిందికి దిగేవాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి. వీళ్ల పేర్లన్నీ సాయంత్రానికి ఆ గ్రూపులో పడతాయి.

శివకుమారి మెసేజ్ పెట్టింది. వేదిక మీద నాలుగైదు జేబుల్లో ఫోన్లు కదిలాయి.

చూడొద్దు సార్, అనుకుంది జ్ఞానమణి. జన్మలో ఏ దొంగ కోసమూ ఆమె అట్లా వేడుకోలేదు. మీరు ఫోన్ తీయొద్దు. తీసినా చదివి ఊరికే జేబులో పెట్టేయండి. మీకు తప్పు అంటగట్టినందుకు మీ కాళ్లు పట్టుకుంటా.

ఆయన ఫోన్ తీశారు. కళ్లజోడు సవరించుకుని చదివారు. జేబులో పెట్టేసి, తర్వాతి రైతుకు శాలువా కప్పి చప్పట్లు కొట్టారు. జ్ఞానమణికి ప్రాణం లేచొచ్చింది. ఇంకో రైతు వచ్చాడు, ఇంకో శాలువా అయింది. అప్పుడు ఆయన పక్కనున్నాయన చెవిలో ఏదో చెప్పి లేచి, పక్క తలుపు గుండా బయటికి నడిచారు.

ఆమె వెనకాలే పోయింది. వరండా చివర తాగేనీళ్ల క్యాన్ల దగ్గర, అటు తిరిగి, ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆమెకు ఇన్నేళ్లుగా తెలిసిన అదే మెత్తని గొంతు.

"భూపేషూ, చెప్పేది విను. వాడు వీడియో ఒకటి తీసి ఇంకెవనికో పంపినాడంట. ఎవనికి పంపినాడో మారెన్ననే అడిగి నాకు చెప్పు. కొట్టొద్దప్పా, మంచిగా అడుగు."

భూపేష్ ఆయన అల్లుడు. వేంపల్లెలో పెద్ద విత్తనాల వ్యాపారం. ఆ పెళ్లిలో బంతుల్లో తిరిగి వడ్డించినవాళ్లలో జ్ఞానమణి ఒకతె. అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. సార్‌ను ఒక్క మాట అంటే ఊరుకోని ఆమెకు, ఆ క్షణంలో ఆయన్ను పట్టి గోడకు కొట్టాలనిపించింది. కానీ మారెన్న బతికున్నాడు, అది ముందు. సార్ నోట మారెన్నను దాచిన జాగా పేరు వస్తుందేమోనని అక్కడే నిలబడింది.

అవతల మనిషి ఏం చెప్పాడో వినబడలేదు. నరసన్న సార్ ఇంకో చెయ్యి నీళ్ల క్యాను మీద ఆన్చుకున్నారు.

"పోయినాడా?" అన్నారు. "ఎప్పుడు?"

మళ్లీ విన్నారు. "మొన్న రాత్రేనా?" అన్నారు.

"నేనేం చెప్పినా, నువ్వేం చేసినావప్పా? బెదిరించి నాలుగు దినాలు ఊళ్లో లేకుండా చేయమంటి. సంపమని చెప్పినానా నీకు?"

మొన్న రాత్రే అన్నమాట. జ్ఞానమణి ఇంకా కడపలో ఉండగానే, నాగక్క బోరింగు దగ్గర నింద మోయకముందే, మారెన్న పోయాడు. కాపాడటానికి వచ్చానని ఆమె అనుకున్న మనిషి, ఆమె బయలుదేరేటప్పటికే లేడు.

నరసన్న సార్ ఇటు తిరిగారు. ఆమెను చూశారు. పరిగెత్తలేదు, బుకాయించలేదు. ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనబడ్డారు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది, లోపలినుంచి అల్లుడి గొంతు మామా మామా అంటోంది.

"నువ్వు నన్ను అనుమానించవనుకుంటి మణీ" అన్నారు.

"నేనూ అదే అనుకుంటి సార్."

మెట్ల మీద అవినాష్ బూట్ల చప్పుడు వినబడింది. అతను నంబరు దొరికిందని చెప్పబోయి, వీళ్ల మొహాలు చూసి అక్కడే నిలిచిపోయాడు. లోపల మైకులో ఎవరో, కొత్త సభ్యులకు స్వాగతం పలకడానికి నరసన్న గారిని వేదిక మీదికి రమ్మని పిలుస్తున్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు.

అప్పుడు చూసింది జ్ఞానమణి. తన వెనకనే నాగక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. తమ ఇంటికొచ్చి చాప మీద కూర్చున్న పెద్దసారు బయటికి పోతున్నాడని, ఆయన్ను అడిగితే ఏదైనా దారి చూపిస్తాడని వెంటబడి వచ్చినట్టుంది. ఆమె మొహంలో రెండు రోజులుగా లేని వెలుగు ఉంది. మారెన్న అన్న ఒక్క పేరు తప్ప ఆమె చెవిన ఇంకేదీ పడినట్టు లేదు.

"మారెన్న అంటాంటివి గద సారూ" అంది, రెండు చేతులూ జోడించి. "మా ఇంటాయన దొరికినాడా? ఫోన్లో ఉండేది ఆయనేనా? ఒక్క మాట మాట్లాడి ఇస్తా, ఇట్లియ్యి సారూ."

ఆమె ఫోన్ కోసం చెయ్యి చాపింది. నరసన్న సార్ అడుగు వెనక్కి వేశారు. జ్ఞానమణి ముందుకు వచ్చి ఆ చాపిన చేతిని పట్టుకుంది.